కరేమా: రాతి మెట్లు, ద్రాక్ష పందిళ్ళు (ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఇవాళ్టి మాట ఇటలీలో కరేమా అనే ఊరి కొండ మీది రాతి మెట్ల గురించి. ఉపోద్ఘాతం పక్కన పెట్టి బోర్డు మీద ఒక లెక్కతో మొదలుపెడతాను. ఒక కొండ, దాని వాలు 30 డిగ్రీలు అనుకోండి. ఆ వాలు మీద సాగు చెయ్యాలి. 3 మీటర్ల వెడల్పున చదునైన పొలం చెక్క కావాలి. మరి ఆ చెక్కకి గోడ ఎంత ఎత్తు లేవాలి? 1.7 మీటర్లు. ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు. దాన్ని 3 మీటర్ల పట్టీలుగా కోస్తే గోడ పొడవు 1,350 మీటర్లు వస్తుంది. ఎత్తుతో గుణించండి, దగ్గర దగ్గర 2,300 చదరపు మీటర్లు. మందం సగటున అర మీటరే వేసుకుందాం. 1,150 ఘనపు మీటర్ల రాతి కట్టుబడి తేలింది. సున్నం, సిమెంటు లేకుండా పేర్చిన రాయి, మధ్య సందులు పోను, ఘనపు మీటరుకి 2 టన్నుల దాకా తూగుతుంది. అంటే 2,300 టన్నులు. ఎంతకి? ఒక్క ఎకరానికి!

10 టన్నుల లారీలైతే 230 లారీలు. కానీ అక్కడ లారీ ఎక్కడిది? లారీ ఎక్కే దారే లేదు. రాయి చాలావరకు ఆ వాలులోనే తవ్వి తీశారు. మట్టి మాత్రం కింద లోయలోంచి వీపు బుట్టల్లో మోశారు. ఒక మనిషి రోజుకి 2 చదరపు మీటర్ల గోడ కడతాడనుకున్నా, ఒక్క ఎకరానికి 1,150 పని దినాలు. పొలం పని మానుకుని ఎవరూ అన్ని రోజులు గోడలు కట్టలేదు. చలికాలం, పని లేని రోజుల్లో కట్టారు. తాత మొదలుపెట్టింది మనవడు ముగించాడు. ఈ లెక్క గుర్తుంచుకోండి, తర్వాత నేను చెప్పేవన్నీ దీని చుట్టూనే తిరుగుతాయి.

ఇక ఆ ఊరు, కరేమా. వాయవ్య ఇటలీలో, పియెమోంతె ప్రాంతం కొసన ఉంది. అటు నాలుగు అడుగులు వేస్తే అవోస్తా లోయ మొదలు. ఆల్ప్స్ కొండలు మైదానంలోకి దిగే చోట, డోరా బాల్తేయా నది ఎడమ గట్టున, సముద్ర మట్టానికి సుమారు 350 మీటర్ల ఎత్తున ఉంటుంది. జనాభా ఎనిమిది వందల లోపే. ఊరి వెనక కొండ అర్ధచంద్రాకారంలో వంగి ఉంటుంది. ఆ వంపు మొత్తం రాతి మెట్లు, మెట్ల మీద ద్రాక్ష పందిళ్ళు. ఊరి ఆస్తి అంతా అదే. చూడ్డానికి ఒక మధ్యయుగపు రాతి ఇల్లు ఉంది, పాత రాతి కుండీలో ధార పడే నీళ్ళ పంపు ఉంది, గుడి ఉంది. బాగానే ఉంటాయి. కానీ అలాంటివి ఇటలీలో ప్రతి ఊళ్ళోనూ ఉన్నాయి కాబట్టి నేను వాటి దగ్గర ఆగను.

అసలు ఇంత రాయి ఎక్కడిది? హిమనదం తెచ్చింది. మంచుయుగంలో అవోస్తా లోయ పొడవునా జారిన మంచు, మైదానం దాకా వచ్చి, తాను ఈడ్చుకొచ్చిన రాళ్ళూ ఇసకా అక్కడ కుప్పపోసి కరిగిపోయింది. ఇవ్రేయా పట్టణం పక్కన సెర్రా అనే గుట్ట ఉంది. 25 కిలోమీటర్ల పొడవు, తాడు కట్టి గీసినట్టు తిన్నగా. అదంతా ఆ కుప్పే. కరేమా నేల కూడా ఆ బాపతే. ఇసక పాలు ఎక్కువ, ఆమ్ల గుణం, నీరు నిలవదు, పలుచన. గోధుమకి పనికిరాదు. ద్రాక్షకి మాత్రం నీరు నిలవని నేల మేలే.

దారి సంగతి ఒక్క మాటలో ముగిస్తాను. రోమన్లు ఇవ్రేయాని క్రీ.పూ. 100లోను, అవోస్తాని క్రీ.పూ. 25లోను స్థాపించి, రెంటినీ కలుపుతూ దారి వేశారు. పక్క ఊరు దొన్నాస్‌లో ఆ దారికోసం కొండని నిలువునా చెక్కిన ముక్క ఇప్పటికీ ఉంది. బండి చక్రాల గాడులు కూడా కనపడతాయి. తర్వాత కాలంలో ఉత్తరాది నుంచి రోముకి నడిచే యాత్రికులకీ ఇదే దారి. 990లో కాంటర్బరీ ఆర్చిబిషప్ సిగెరిక్ రోము నుంచి తిరిగి వెళ్తూ మజిలీలు రాయించుకున్నాడు. ఆ వరసలో ఇవ్రేయా, అవోస్తా రెండూ ఉన్నాయి. అంటే ఏమిటి? కొనేవాడు గుమ్మం ముందునుంచే నడిచి వెళ్ళేవాడు. సరుకు కొండ మీద పండినా, బజారు మాత్రం కాళ్ళ దగ్గరే.

ఇప్పుడు కూలిన గోడని మళ్ళీ ఎలా కడతారో చూద్దాం. ఇక్కడ కాస్త నెమ్మదిగా పోతాను. మీలో సివిల్ ఇంజినీరింగు పిల్లలు ఉన్నారు కదా, చివర్లో మీరే నన్ను నిలదియ్యండి.

మొదట కూలిన చోట మట్టి తియ్యాలి. ఎంతవరకు? గట్టి నేల తగిలేదాకా. మెత్తటి మట్టి మీద మొదటి వరస పెడితే మిగతా పని దండగ. పునాదిని లోపలికి, అంటే కొండ వైపుకి, కొంచెం వాల్చి తవ్వుతారు. తీసిన రాళ్ళని వెంటనే వేరుచేసి పెట్టుకోవాలి. పెద్దవి ఒక వైపు, మధ్యరకం ఒక వైపు, పిక్కరాళ్ళు ఒక కుప్ప, మట్టి దూరంగా. ఇది చెయ్యకపోతే సగం రోజు రాళ్ళు వెతుక్కోవడంతోనే సరిపోతుంది. అన్నిటికన్నా పెద్ద రాళ్ళు అడుగు వరసకి. ప్రతి రాయీ పొడుగు వైపు గోడ లోపలికి పోవాలి. నేర్చుకునేవాళ్ళు ఇక్కడే తప్పుతారు. పొడుగు వైపు బయటికి కనపడేలా పెడితే గోడ అందంగా ఉంటుంది, తొందరగా కూడా లేస్తుంది. కానీ అది గోడ కాదు, తొడుగు. రెండు వానాకాలాలు దాటదు.

పై వరస రాయి కింది వరసలో రెండు రాళ్ళ అతుకు మీద కూర్చోవాలి. అతుకు మీద అతుకు వచ్చి నిలువు సందు పడిందంటే గోడ చీలేది అక్కడే. గోడ నిటారుగా లేవకూడదు. మీటరు ఎత్తుకి 10 నుంచి 15 సెంటీమీటర్లు కొండ వైపుకి వాలాలి. అందుకే రెండు కొసలా కర్రలు పాతి దారం కట్టి, వరస వరసకీ దారం పైకి జరుపుతారు. మీటరుకో రాయి చొప్పున గోడ మందం దాటి వెనక మట్టిలోకి దిగే పొడుగాటి రాయి వెయ్యాలి. ఇక వెనక భాగం. అక్కడ మట్టి నింపరు. పిక్కరాళ్ళు నింపుతారు. అది కూడా గుమ్మరించడం కాదు, చేత్తో సర్దాలి. ఆ పిక్కరాళ్ళ పొర వల్లే నీరు దిగి సందుల్లోంచి బయటికి పోతుంది. పైన బరువైన పలకరాళ్ళతో కట్టు వేసి ముగిస్తారు. మధ్యలో అక్కడక్కడ పొడుగాటి పలకలు గోడలోంచి బయటికి పొడుచుకొచ్చేలా పెడతారు. మెట్టు నుంచి మెట్టుకి ఎక్కే నిచ్చెన అదే. విడిగా మెట్లు కడితే సాగు నేల తగ్గిపోదూ?

మరి ఎందుకు కూలుతుంది? నీళ్ళ వల్ల. నూటికి తొంభై సార్లు నీళ్ళే. వెనక పిక్కరాళ్ళ సందులు ఏళ్ళ తరబడి మట్టితో పూడిపోతాయి. నీరు దిగదు. తడిసిన మట్టి బరువెక్కి గోడని ముందుకి తోస్తుంది. గోడ ముందు పొట్ట తెస్తుంది. పొట్ట కనపడగానే ఆ ముక్క విప్పి కట్టేస్తే రెండు మీటర్ల పని. ఒక చలికాలం వదిలేస్తే పది మీటర్లు దిగజారుతుంది, దిగజారింది కింది మెట్టు మీద పడుతుంది, ఆ బరువుకి కింది గోడ కూడా పోతుంది. కొండ మీద ఎవడి గోడా వాడొక్కడిది కాదు! రెండో కారణం చెట్ల వేళ్ళు. సాగు ఆగిన చెక్కలో మొలిచిన మొక్కని మూడో ఏట గునపంతో పీకొచ్చు. పదో ఏట దాన్ని పీకితే గోడ కూడా వస్తుంది.

ఎవరో అడుగుతున్నారు, సిమెంటు వేస్తే పోదా అని. మంచి ప్రశ్న. వేశారు కూడా, అక్కడక్కడ. ముందు వైపు సందులన్నీ సిమెంటుతో పూస్తే నీరు బయటికి వచ్చే దారి మూసుకుపోతుంది. గోడ గట్టిగా కనపడుతుంది, ఒకరోజు మొత్తం పలకలా ముందుకి పడుతుంది. కాంక్రీటు గోడే కట్టాలంటే నీరు పోవడానికి గొట్టాలు పెట్టాలి, వెనక కంకర పొర వెయ్యాలి. అన్నీ చేసినా, అది చెడితే పగలగొట్టి పారేయాల్సిందే. రాతి గోడ కూలితే ఆ రాళ్ళే మళ్ళీ సరుకు.

సరే, గోడ అయింది. గోడ మీద ఏముంది? కరేమా ఫొటోలు చూసినవాళ్ళు ముందు అడిగేది ఆ తెల్ల స్తంభాల గురించే. మెట్టు అంచున వరసగా, అడుగున లావుగా పైకి పోను సన్నంగా, సున్నం పూసిన రాతి స్తంభాలు. ఊరివాళ్ళు పిలూన్ అంటారు. పందిరిని తోపియా అంటారు. స్తంభం మీద ఒక పలకరాయి, దాని మీద చెస్ట్‌నట్ చెట్టు దూలాలు, దూలాల మీద అడ్డకర్రలు, వాటి మీద తీగ. పలకరాయి ఎందుకో చెప్పగలరా? తేమ. దూలం నేలని కానీ తడిసిన గచ్చుని కానీ తాకకుండా పలక అడ్డుపడుతుంది. కర్ర కుళ్ళేది తేమ తగిలిన చోటే కదా.

స్తంభం చేసే రెండో పని ఎండని దాచుకోవడం. పగలంతా వేడెక్కిన రాయి రాత్రి ఆ వేడిని మెల్లగా వదులుతుంది. గోడలదీ అదే పని. అక్టోబరులో కొండ నుంచి చల్లగాలి దిగే రాత్రుల్లో గుత్తి పక్కన ఉన్న ఈ వెచ్చదనం చిన్న విషయం కాదు. ఎందుకంటే అక్కడ పెంచేది నెబ్బియోలో అనే ద్రాక్ష రకం. కరేమాలో దాని స్థానిక రకాన్ని పికుటెనెర్ అంటారు. నెబ్బియోలో వసంతంలో అందరికన్నా ముందు చిగురిస్తుంది, అందరికన్నా చివర పండుతుంది. ముందు చిగురిస్తే మంచు దెబ్బ భయం, చివర పండితే చలి భయం. ఇంత పేచీ పంటని ఈ ఉత్తరపు కొసన పండిస్తున్నారంటే, వాళ్ళకి ఆ ధైర్యం ఇచ్చింది రాయే.

పందిరి ఎందుకన్న ప్రశ్నకి కూడా జవాబు ఈ ద్రాక్ష దగ్గరే ఉంది. నెబ్బియోలో కొమ్మ మీద మొదటి రెండు మూడు కళ్ళు, అంటే చిగురు మొగ్గలు, కాపు కాయవు. మిగతా చాలా రకాల్లోలా రెండు కళ్ళకి పొట్టిగా కత్తిరిస్తే ఆకులు వస్తాయి, గుత్తులు రావు. కొమ్మని పొడుగ్గా వదలాలి. పొడుగు కొమ్మకి చోటు కావాలి. 3 మీటర్ల చెక్కలో ఆ చోటు ఎక్కడుంది? పైన. హైదరాబాద్ చుట్టుపక్కల అనాబ్-ఎ-షాహీ తోటలు చూసినవాళ్ళకి పందిరి ద్రాక్ష కొత్త కాదు. తేడా ఏమిటంటే, మన పందిరి చదునుగా ఉండి గుత్తికి నీడ పడుతుంది. వాళ్ళ పందిరి కొండ వాలుతో పాటు లేస్తుంది, ఎండని పట్టుకోవడం కోసం.

పందిరి కింద నేల ఖాళీగా వదిలేవారు కాదు. బంగాళాదుంపలు, కూరగాయలు, ఆవులకి గడ్డి. ఆ ఆవుల పేడే పందిరికి ఎరువు. వేసవిలో పశువులు పై కొండల మీది పచ్చిక మైదానాలకి పోతాయి, చలికాలానికి దిగొస్తాయి. చెస్ట్‌నట్ అడవి కూడా ఈ లెక్కలోదే. కాయ ఎండబెట్టి పిండి చేసుకుంటే తిండి, మోడు నుంచి మళ్ళీ చిగిర్చిన కొమ్మల్ని పది పదిహేనేళ్ళకోసారి నరికితే దూలం. ఆ కర్రలో టానిన్ అనే వగరు పదార్థం ఎక్కువ కాబట్టి త్వరగా పుచ్చదు. 2002లో ఆసియా నుంచి వచ్చిన ఒక చిన్న కందిరీగ, మొగ్గల్లో బుడిపెలు లేపే పురుగు, పియెమోంతెలో బయటపడి చెస్ట్‌నట్ కాపుని బాగా దెబ్బతీసింది. 2005 నుంచి దానికి సహజ శత్రువైన మరో బుల్లి కందిరీగని వదిలాక దారికొచ్చింది. చెస్ట్‌నట్‌కి దెబ్బ తగిలితే ద్రాక్షకి కూడా కర్ర కరువు. ఇదంతా ఒకే గొలుసు.

ఏడాది పని ఇలా ఉంటుంది. చలి చివర్లో, ఫిబ్రవరి మార్చిలో కత్తిరింపులు. తర్వాత కుళ్ళిన కర్రలు తీసి కొత్తవి వెయ్యడం. తర్వాత తీగ వంచి విల్లో చెట్టు సన్నటి పుల్లలతో కట్టడం. పుల్లని నీళ్ళలో నానబెట్టి కడితే ఎండాక బిగుస్తుంది, తీగని కొయ్యదు, ఏడాది తిరిగేసరికి తనే చివికి రాలిపోతుంది. ప్లాస్టిక్ తాడు తియ్యడం మరిస్తే తీగ లావెక్కి గొంతు బిగుసుకుంటుంది. మే నుంచి పనికిరాని చిగుళ్ళు గిల్లడం, ఎండాకాలంలో గుత్తుల దగ్గర ఆకు దూయడం, మందులు కొట్టడం. అక్టోబరులో కోత. పనంతా తల పైకెత్తి, చేతులు పైకెత్తి! మెడనొప్పి గురించి వేరే చెప్పాలా?

మందులంటే గుర్తొచ్చింది. 1850 ప్రాంతాల్లో బూడిద తెగులు వచ్చింది, గంధకం చల్లి ఆపారు. 1879లో ఇటలీలో బూజు తెగులు కనపడింది. అదే ఏడాది ఫిలాక్సెరా, అంటే వేళ్ళని తినే పేను, కోమో దగ్గర బయటపడింది. మూడూ అమెరికా నుంచి వచ్చినవే. ఫిలాక్సెరాకి మందు లేదు, అమెరికా ద్రాక్ష వేరు మీద మన తీగ అంటుకట్టడం ఒక్కటే దారి. అంటే ఏమిటో ఆలోచించండి. ఉన్న తీగ మొత్తం పీకి కొత్తగా నాటాలి. మైదానంలో రైతుకి అది అప్పు. మెట్ల మీద రైతుకి, ఇంకెందుకులే అని వదిలేయడానికి ఒక సాకు కూడా.

బూజుకి బోర్డో మిశ్రమం. మన రైతులకి తెలిసిందే, 1 శాతం అంటే 100 లీటర్ల నీటికి మైలుతుత్తం కిలో, సున్నం కిలో. రెండూ విడివిడిగా కరిగించి, తుత్తం నీళ్ళు సున్నం నీళ్ళలో పొయ్యాలి. తిరగేస్తే మిశ్రమం గడ్డలు కడుతుంది. ఇనప పాత్ర పనికిరాదు. చాకు మొన ముంచి చూస్తే ఎర్రటి రాగి పూత పడిందా, సున్నం చాలలేదని. ఇక్కడిదాకా సులువే. కష్టం నీళ్ళ దగ్గర. ఆ 100 లీటర్లు పైకి మోసింది ఎవరు? ఎక్కువగా ఆడవాళ్ళు. ఇవాళ ఐరోపా సమాఖ్య నియమం ప్రకారం హెక్టారుకి 7 ఏళ్ళలో 28 కిలోలు మించి రాగి వాడకూడదు. వాన ఎక్కువ పడే ఏడు ఆ గీతలోపల ఉండటం అంత తేలిక కాదు.

ఇప్పుడు ఇరవయ్యో శతాబ్దం. ఇరవై కిలోమీటర్ల లోపున ఇవ్రేయాలో 1908లో కమిల్లో ఒలివెట్టి టైప్‌రైటర్ల ఫ్యాక్టరీ పెట్టాడు. కొడుకు ఆద్రియానో దాన్ని ప్రపంచ కంపెనీ చేశాడు. నెల జీతం, వైద్యం, పిల్లలకి బడి, గ్రంథాలయం. కరేమా కుర్రవాడు కొండ ఎందుకు ఎక్కుతాడు? ఎక్కడు. ఒలివెట్టి వల్లే మెట్లు ఖాళీ అయ్యాయని చాలామంది చెప్తారు. నిజమే, కానీ సగం నిజం. చూడండి, ఫ్యాక్టరీ ఊరికి దగ్గర. మనిషి ఇల్లు మారలేదు. దక్షిణ ఇటలీ పల్లెల్లోలా పెట్టె సర్దుకుని జర్మనీ పోలేదు. షిఫ్టు అయ్యాక సాయంత్రం తాత చెక్కలో కత్తిరింపులు చేశాడు. 1956లో కంపెనీ వారానికి 48 గంటల పనిని 45కి తగ్గించింది, జీతం తగ్గించకుండా. ఆ మిగిలిన గంటల్లో కొన్ని కొండకి వెళ్ళాయి. అంత ఖరీదైన పనిని అంత చిన్న పంట మీద బతకాల్సిన అవసరం లేనివాడే చెయ్యగలడు. నా మటుకు నేను, ఫ్యాక్టరీ జీతం లేకపోతే ఈ గోడలు ఇంకా ముందే పోయేవంటాను.

ఆద్రియానో 1950 దశకంలో చుట్టుపక్కల పల్లెల్లో చిన్న పరిశ్రమలకీ, వ్యవసాయ సహకార సంఘాలకీ ఊతమిచ్చే సంస్థ కూడా నడిపాడు. 1960లో ఆయన పోయాడు. అదే 1960లో కరేమా రైతులు సహకార సంఘం పెట్టుకున్నారు. పావు ఎకరం, అర ఎకరం ఉన్నవాడు సొంతంగా పీపాలు, నేలమాళిగ పెట్టుకోలేడు. పండు సంఘానికి ఇస్తాడు, సంఘం వైన్ చేసి అమ్ముతుంది. 1967లో కరేమా వైన్‌కి ప్రభుత్వ మూలస్థాన గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు ఇచ్చే చట్టం 1963ది కాబట్టి, దేశంలో మొదటి వరసలోనే వచ్చినట్టు. నియమం గట్టిది. పండు కరేమా పంచాయతీ హద్దులోనే పండాలి, 85 శాతం తగ్గకుండా నెబ్బియోలో ఉండాలి, అమ్మేముందు 24 నెలలు నిలవుండాలి. అందులో 12 నెలలు ఓక్ లేదా చెస్ట్‌నట్ పీపాలో. ఇంకా ఎక్కువ కాలం నిలవుంచిన వైన్ అని చెప్పే రిజర్వా అనే పేరు వాడాలంటే 36 నెలలు. ఎందుకంత ఆగడం? ఈ పండులో పులుపూ వగరూ రెండూ ఎక్కువ. తొందరపడి తాగితే నోరు పట్టేస్తుంది.

ఇలాంటి సాగుకి ఇటాలియన్లు వీరోచిత ద్రాక్ష సాగు అని పేరు పెట్టారు. వాలు 30 శాతం మించాలి, లేదా ఎత్తు 500 మీటర్లు దాటాలి, లేదా మెట్ల మీద ఉండాలి, లేదా చిన్న ద్వీపంలో ఉండాలి. 2016 జాతీయ చట్టంలోనూ ఆ మాట చేరింది. నాకు ఆ పేరు అంతగా రుచించదు. కూలి గిట్టని పనికి బిరుదు ఇచ్చి సరిపెట్టినట్టుంటుంది. వీరులు కాదు కావలసింది, సీసా ధరలో గోడ ఖర్చు కలిపి అడగగల రైతులు. 2018లో యునెస్కో రాతి గోడ కట్టే విద్యని మానవాళి వారసత్వంగా ఇటలీతో సహా 8 దేశాల పేర గుర్తించింది. అదే ఏడాది ఇవ్రేయా ఫ్యాక్టరీ నగరాన్ని కూడా ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. లాగిన చెయ్యికీ, లాగబడిన చెయ్యికీ ఒకే ఏడు దండ పడింది!

ఇప్పటి చిక్కు ఏమిటి? రెండున్నాయి. ఒకటి తెగులు. ఆకులు కిందికి చుట్టుకుని ఎర్రబడతాయి, కొమ్మ ముదరక రబ్బరులా వేలాడుతుంది, గుత్తి ఎండిపోతుంది. ఆకుల మీద దూకే ఒక చిన్న పురుగు మోసుకొచ్చే జబ్బు ఇది. వైద్యం లేదు, మొక్క పీకాలి. పురుగుకి మందు కొట్టడం చట్టరీత్యా తప్పనిసరి. కానీ వదిలేసిన చెక్కలో అడవి తీగకి ఎవరు కొడతారు? జబ్బు అక్కడ దాక్కుని పక్క పొలానికి వస్తుంది. రెండోది వాటాలు. తండ్రి చెక్క నలుగురికి, ఆ నలుగురిది పదహారు మందికి. కొందరు ట్యూరిన్‌లో, కొందరు ఏ దేశంలోనో. కౌలుకి తీసుకుందామని కుర్రవాడు వస్తే సంతకం ఎవరిది? దీనికోసం పియెమోంతె 2016లో భూ సంఘాల చట్టం తెచ్చింది. యజమానులు హక్కు తమ దగ్గరే ఉంచుకుని, నేలని సంఘానికి అప్పగిస్తారు. సంఘం చెక్కలన్నీ కలిపి సాగుచేసేవాడికి ఇస్తుంది. గొడవలు లేకపోలేదు. అయినా పదహారు సంతకాల కన్నా ఒక సంతకం నయం.

చూసి రావాలనుకునేవాళ్ళకి ఒక మాట. ట్యూరిన్ నుంచి ఇవ్రేయా దాకా రైలు, అక్కణ్ణుంచి రోడ్డు. కత్తిరింపులైన కొత్తలో, ఆకు రాకముందు, ఏప్రిల్ లోపు వెళ్ళండి. గోడలూ స్తంభాలూ పూర్తిగా కనపడేది అప్పుడే. కోత సమయంలో మనం అడ్డం. గోడ పైకట్టు రాళ్ళ మీద మాత్రం నడవకండి. ఒక పలక కదిలితే నీరు వెనక్కి దిగుతుంది. పొడుచుకొచ్చిన మెట్టు రాళ్ళు ఎక్కాలంటే కొండవైపు చెయ్యి ఆనించి ఎక్కండి, ఫోను జేబులో పెట్టి. ఇక ప్రశ్నలు అడగండి.